అద్దె చార్జర్ల విషయంలో మా దుకాణం మారుస్తున్న పద్ధతి

మా దుకాణంలో కారు, బైకు బ్యాటరీలు కొనేవారికి, చార్జర్లు అద్దెకు తీసుకువెళ్ళేవారికి నమస్కారం. వచ్చే నెల మొదటి తేదీ నుంచి పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం చార్జర్లను, అంటే బ్యాటరీ నిండిన తరువాత కూడా వాటంతట అవి ఆగనివాటిని, మేము ఎవరికీ అద్దెకు ఇవ్వము. వాటి స్థానంలో ఆటోమేటిక్ చార్జర్లు మాత్రమే ఇస్తాము. దుకాణంలో గంటసేపట్లో బ్యాటరీ ఎక్కించి ఇచ్చే పనిని కూడా ఆపేస్తున్నాము. ఈ మార్పు వలన కొందరికి ఇబ్బంది కలుగుతుందని, కొందరు వేరే దుకాణానికి వెళ్ళవచ్చునని నాకు తెలుసు. అందుకే కారణాన్ని దాచకుండా చెప్పి, ఇంట్లో చార్జర్‌ను ఏ వరుసలో వాడాలో కూడా ఇక్కడే రాస్తున్నాను.

కొన్ని వారాల క్రితం అద్దె నుంచి తిరిగి వచ్చిన ఒక పాత చార్జర్‌ను చూసినప్పుడు దాని నల్ల క్లిప్పు పళ్ళ మీద మాడిన మచ్చలు, ఎర్ర క్లిప్పు తొడుగు మీద యాసిడ్ చారలు కనిపించాయి. రాత్రంతా మూసిన గదిలో చార్జింగ్ పెట్టి, తెల్లవారాక స్విచ్ ఆపకుండానే క్లిప్పు లాగారని, ఆ క్షణంలోనే పెద్ద చప్పుడుతో బ్యాటరీ పైమూత పగిలి ఎగిరిందని, ఆ సమయానికి ముఖం పక్కకు తిరిగి ఉండటం వలన కళ్ళు దక్కాయని తీసుకువెళ్ళినవారు చెప్పారు. చొక్కా మీద పడిన యాసిడ్ మాత్రం రెండు రోజుల్లో బట్టను చిల్లులు చేసింది. ఇది విన్నవారు చార్జర్‌లో లోపం ఉందనుకుంటారు గాని, నేను పరీక్షించినప్పుడు దానిలో ఏ లోపమూ కనిపించలేదు. అలాంటి చార్జర్ చేసే పనే అది.

సాధారణ పన్నెండు వోల్టుల యాసిడ్ బ్యాటరీలో ఆరు సెల్స్, అంటే విడివిడి గదులు, ఉంటాయి. చార్జింగ్ సమయంలో ఒక్కొక్క సెల్ సుమారు 2.4 వోల్టులకు, అంటే మొత్తం బ్యాటరీ 14.4 వోల్టులకు చేరేసరికి, లోపలి నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా పైకి రావడం ఎక్కువవుతుంది. మూత తీస్తే కనిపించే బుడగలు, చెవి దగ్గరగా పెడితే వినిపించే సన్నని చిటపట శబ్దం అవే. గాలిలో హైడ్రోజన్ 4 శాతం కలిసినా చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది, 75 శాతం వరకూ ఆ ప్రమాదం అలాగే ఉంటుంది. పెట్రోలు ఆవిరి ఏడెనిమిది శాతం దాటితే గాలి చాలక అంటుకోదన్న సంగతి గుర్తుచేసుకుంటే, హైడ్రోజన్ విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో అర్థమవుతుంది. ఆటోమేటిక్ చార్జర్ బ్యాటరీ నిండగానే కరెంటును బాగా తగ్గిస్తుంది లేదా ఆపుతుంది. పాత రకం అలా చేయదు కాబట్టి రాత్రి పెట్టి మరచిపోతే తెల్లవార్లూ నీటిని విడగొడుతూనే ఉంటుంది. మెయింటెనెన్స్ ఫ్రీ, అంటే నీళ్ళు పోయనక్కరలేదని రాసి ఉన్న బ్యాటరీ నుంచి వాయువు రాదని చాలామంది నమ్ముతారు, కానీ దానికి కూడా గాలి పోయే సన్నని రంధ్రాలు ఉంటాయి, అతిగా ఎక్కిస్తే వాటిగుండా హైడ్రోజన్ బయటకు వస్తుంది.

కాబట్టి ఆటోమేటిక్ చార్జరే అయినా క్లిప్పులు పెట్టే వరుసను తప్పనివ్వకండి. ముందుగా చార్జర్ ప్లగ్ గోడ సాకెట్‌లో లేదని చూసుకోవాలి. తరువాత ఎర్ర క్లిప్పును బ్యాటరీ ప్లస్‌కు గట్టిగా పట్టించాలి. బ్యాటరీ బండిలోనే ఉంటే నల్ల క్లిప్పును మైనస్ టెర్మినల్‌కు కాకుండా, బ్యాటరీకి దూరంగా, రంగు లేని ఇంజన్ లోహపు భాగానికో బాడీ బోల్టుకో పెట్టాలి. పెట్రోలు గొట్టాల దగ్గర మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. నిప్పురవ్వ వచ్చినా వాయువు పేరుకున్న చోట రాకూడదన్నదే ఇందులో ఉద్దేశం. ఇటీవలి కార్లలో మైనస్ టెర్మినల్ మీద కరెంటును కొలిచే సెన్సర్ ఉంటుంది, క్లిప్పును దాని మీదే పెడితే బండికి బ్యాటరీ ఎంత నిండిందో తెలియకుండా పోతుంది, అందువల్ల కూడా బాడీకి పెట్టడమే సరైనది. రెండు క్లిప్పులూ కుదురుకున్న తరువాతే ప్లగ్ పెట్టి స్విచ్ వేయాలి. తీసేటప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ముందు నల్లది, తరువాత ఎర్రది తీయాలి. బ్యాటరీని బండి నుంచి పూర్తిగా విప్పదలచుకుంటే మైనస్ ముందు విప్పాలి, తిరిగి బిగించేటప్పుడు మైనస్ చివర బిగించాలి. ప్లస్ విప్పుతున్న స్పానర్ పొరపాటున బాడీకి తగిలితే వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా పారుతుంది, చేతికి ఉంగరమో లోహపు గడియారమో ఉంటే చర్మం లోతుగా కాలుతుంది. వాటిని తీసి పక్కన పెట్టిన తరువాతే పని మొదలుపెట్టండి.

చార్జింగ్ పెట్టే చోటు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గాలి ధారాళంగా ఆడే చోట, గ్యాస్ పొయ్యికీ దీపానికీ దూరంగా పెట్టండి, దగ్గర ఎవరూ పొగ తాగకూడదు. చార్జర్‌ను బ్యాటరీ మీద పెట్టకండి, తీగ అందినంత దూరంలో ఉంచండి. ఎర్త్ పిన్ విరిచి వాడే ఎక్స్‌టెన్షన్ తీగతో మాత్రం మా చార్జర్‌ను దయచేసి వాడకండి.

ఇక ఆంపియర్ల సంగతి. బ్యాటరీ మీద రాసిన ఆంపియర్ అవర్ సంఖ్యలో, అంటే అది ఎంత కరెంటు నిల్వ ఉంచుకోగలదో చెప్పే సంఖ్యలో, పదో వంతు కరెంటుతో ఎక్కించడం చాలాకాలంగా ఉన్న నమ్మదగిన పద్ధతి. నలభై ఆంపియర్ అవర్ కారు బ్యాటరీకి నాలుగు ఆంపియర్లు, అయిదు ఆంపియర్ అవర్ బైకు బ్యాటరీకి అర ఆంపియర్ చాలు. సగం దిగిపోయిన కారు బ్యాటరీకి ఇరవై ఆంపియర్ అవర్లు తిరిగి ఎక్కాలి. నాలుగు ఆంపియర్ల చొప్పున లెక్కకు అయిదు గంటలే అయినా, చివరి భాగం నెమ్మదిగా నిండుతుంది కాబట్టి ఏడెనిమిది గంటలు పడుతుంది. గంటసేపట్లో ఇచ్చే పనిని ఆపడానికి కారణం ఇదే. పెద్ద కరెంటుతో ఎక్కించినప్పుడు మీటర్ చూపే వోల్టేజీ పైపైది, ప్లేట్లు వేడెక్కి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, ఆ నష్టం మీకు కొన్ని నెలల తరువాతే తెలుస్తుంది. ఆ పని చేసి డబ్బు తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆటోమేటిక్ చార్జర్లకూ ఒక పరిమితి ఉంది, అది కూడా చెప్పాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి వోల్టేజీ మరీ తక్కువగా ఉంటే చాలా చార్జర్లు దాన్ని గుర్తించవు, దీపం వెలుగుతుంది గాని కరెంటు వెళ్ళదు. చార్జర్ పాడైందనుకుని, మరో మంచి బ్యాటరీని పక్కన కలిపి దాన్ని మోసగించే ఉపాయం కొందరు చెబుతారు. దయచేసి అలా చేయకండి. ఆ బ్యాటరీలో ఒక సెల్ షార్టయి ఉండవచ్చు. దుకాణానికి తెస్తే ముందు పరీక్షించి, బ్రతికే అవకాశం ఉంటే మా దగ్గరే, మా కళ్ళెదుట నెమ్మదిగా ఎక్కిస్తాము. ఉబ్బినవి, పగిలినవి, కారుతున్నవి, లోపలి ద్రవం గడ్డకట్టినవి మాత్రం చార్జింగ్‌కు తీసుకోము.

రకాన్ని చూసుకోవడం కూడా ముఖ్యమే. లోపలి యాసిడ్ జిగురులా చిక్కగా ఉండే జెల్ బ్యాటరీకి మామూలు బ్యాటరీ కంటే తక్కువ వోల్టేజీ కావాలి, లిథియం బ్యాటరీకి దాని కోసమే తయారైన చార్జర్ కావాలి. పాత బ్యాటరీని బాగుచేసే రిపేర్ మోడ్ వోల్టేజీని 15 దాటించవచ్చు, కాబట్టి బ్యాటరీ బండికి కలిపి ఉండగా ఆ బటన్ నొక్కకూడదు. ఎలక్ట్రిక్ స్కూటర్ నడిచే లిథియం ప్యాక్‌కు మా చార్జర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి.

మూతలు తీసే బ్యాటరీ అయితే ప్లేట్లు మునిగి ఉన్నాయో లేదో చార్జింగ్‌కు ముందే చూడండి. తేలి ఉంటే అవి మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోసి, మిగిలినది చార్జింగ్ పూర్తయ్యాక గీత వరకు పోయాలి, ముందే నిండా పోస్తే యాసిడ్ పొంగి బయటకు వస్తుంది. చార్జింగ్ మధ్యలో ఒకటి రెండుసార్లు డబ్బా పక్కన చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి నిలపలేనంత వేడిగా ఉన్నా, కుళ్ళిన గుడ్ల వాసన వచ్చినా గోడ దగ్గరే స్విచ్ ఆపి, కిటికీలు తెరిచి, క్లిప్పులను ముట్టకుండా చల్లారనివ్వండి. యాసిడ్ కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్ళు పోస్తూ కనీసం పదిహేను నిమిషాలు కడిగి, ఆ తరువాత ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. నేల మీద పడిన యాసిడ్‌పై వంటసోడా చల్లితే బుసబుస పొంగి విరుగుతుంది.

ఇప్పటికే మా పాత చార్జర్ మీ ఇంట్లో ఉంటే గడువు ముగిసేదాకా ఆగనక్కరలేదు, తీసుకువస్తే అదనంగా ఏమీ తీసుకోకుండా మార్చి ఇస్తాము. కొత్తగా అద్దెకు వచ్చేవారు బ్యాటరీ మీది లేబుల్‌ను ఫోనులో ఫొటో తీసుకురండి, వోల్టులు, ఆంపియర్ అవర్లు, రకం చూసిన తరువాతే చార్జర్‌ను సరిచేసి ఇస్తాము. దానితో పాటు కళ్ళద్దాలు, రబ్బరు చేతితొడుగులు ఇస్తాము. క్లిప్పులు పెట్టడం, తీయడం కౌంటర్ దగ్గర ఉన్న పాత బ్యాటరీ మీద మీ చేత ఒకసారి చేయించి పంపుతాము, అందుకు ఓ పది నిమిషాలు వీలు చేసుకుని రండి.