శనివారం సెషన్: ఏజెంట్‌కు డైనమోడీబీని కలపడం

సభ్యులందరికీ నమస్కారం. ఈ శనివారం సాయంత్రం 6 గంటలకు ఆన్‌లైన్‌లో కలిసి, పైడాంటిక్ ఏఐ అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన ఏజెంట్‌కు (భాషా మోడల్‌తో పనులు చేయించే ప్రోగ్రామ్‌కు) అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోని డేటాబేస్ అయిన డైనమోడీబీ టేబుల్‌ను టూల్ (మోడల్ పిలవగల ఫంక్షన్) రూపంలో కలపబోతున్నాం.

వచ్చేముందు ప్రతి ఒక్కరూ తమ ఏడబ్ల్యూఎస్ ఖాతాలో ఆన్-డిమాండ్ (వాడినంతకే చెల్లించే) పద్ధతిలో ఒక టేబుల్ సృష్టించి, పార్టిషన్ కీగా (డేటాను విభజించే కీ) యూజర్ ఐడీని, సార్ట్ కీగా (ఆ విభాగంలో వరుస నిర్ణయించే కీ) సమయాన్ని పెట్టుకొని, ఆ ఒక్క టేబుల్‌కే అనుమతి ఉన్న ఐఏఎం రోల్‌ను (ఏడబ్ల్యూఎస్‌లో ఎవరు ఏం చేయవచ్చో నిర్ణయించే అనుమతుల పాత్రను) సిద్ధం చేసుకోవాలి. స్కాన్ (టేబుల్ మొత్తాన్ని చదవడం), డిలీట్ అనుమతులు ఇవ్వవద్దు. మోడల్ ఏ టూల్‌ను ఎప్పుడు పిలుస్తుందో ముందుగా చెప్పలేం కదా!

టేబుల్ క్లయింట్‌ను, యూజర్ ఐడీని డిపెండెన్సీలుగా (ఏజెంట్‌ను నడిపేటప్పుడు మన కోడ్ అందించే విలువలుగా) ఇచ్చి, వాటిని టూల్‌కు చేరవేసే రన్ కాంటెక్స్ట్ ద్వారానే టూల్‌లోకి తెచ్చుకోండి. ఐడీని మోడల్ నింపే ఆర్గ్యుమెంట్‌గా వదిలేస్తే ఒకరి వివరాలు మరొకరికి చేరే ప్రమాదం ఉంది.

నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్న చోటు ఇది: స్కోరును ఫ్లోట్‌గా ప్రకటిస్తే పైడాంటిక్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు గానీ, 0.85 విలువను టేబుల్‌లో రాయబోగానే బోటో3 (ఏడబ్ల్యూఎస్‌తో మాట్లాడే పైథాన్ లైబ్రరీ) టైప్ ఎర్రర్ ఇచ్చింది. బోటో3 ఫ్లోట్‌ను అంగీకరించదు కాబట్టి, అటువంటి ఫీల్డ్‌లన్నిటినీ డెసిమల్‌గా మార్చుకొని రండి.

రాసిన వెంటనే చదివితే పాత విలువ రావచ్చు. అవసరమైన చోట కన్సిస్టెంట్ రీడ్‌ను ఆన్ చేయండి. ఒక్కో ఐటెమ్ (టేబుల్‌లోని ఒక రికార్డు) పరిమితి 400 కేబీ కనుక సంభాషణ మొత్తాన్ని ఒకే ఐటెమ్‌లో దాచవద్దు.

మరోసారి గుర్తుచేస్తున్నాను: యాక్సెస్ కీలు కనిపించే స్క్రీన్‌షాట్‌లను గ్రూప్‌లో పెట్టవద్దు. హాజరయ్యేవారు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే తెలియజేయగలరు.