కమిషనర్ గారూ, ఒక్కసారి రాత్రి ఎనిమిదింటికి రండి

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి నమస్కారం సార్.

చౌరస్తా సీసీ కెమెరా రాత్రిళ్ళు పనిచేయట్లేదని ప్రజావాణిలో నాలుగుసార్లు అర్జీ ఇచ్చినవాడినే మళ్ళీ రాస్తున్నా. నాలుగింటికీ రసీదులున్నాయి, నాలుగూ "సమస్య పరిష్కరించబడినది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చి మూసేసినవే. అందుకే ఈసారి నలుగురూ చదివేలా ఇక్కడ పెడుతున్నా, తప్పుగా అనుకోకండి. కెమెరాల స్కీమ్ ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు, ఇంటికింత అని మా కాలనీ వాళ్ళం కూడా చందా వేసుకున్నాం, రిబ్బన్ కట్ చేసిన రోజు మీరూ వచ్చారు. నేను చెప్పేదంతా చౌరస్తా పోల్‌కి బిగించిన ఆ ఇనుప డబ్బా గురించి.

నేను పదమూడేళ్ళుగా నెట్‌వర్క్ పనే చేస్తున్నా, స్విచ్‌లు, కేబుళ్ళు, కెమెరాలు ఇవే నా బతుకుతెరువు. కాంట్రాక్టర్ పంపిన కుర్రాడు డబ్బా తీసినప్పుడు పక్కనే నిలబడి చూశా. లోపల ఎనిమిది పోర్టుల పీఓఈ స్విచ్ ఉంది, అంటే ఒకే కేబుల్‌లో కెమెరాకి నెట్‌వర్కూ కరెంటూ రెండూ ఇచ్చే పెట్టె, లేబుల్ మీద 65 వాట్లు అని ఉంది. ఎనిమిది కెమెరాలకీ కలిపి అది ఇవ్వగలిగిన పవర్ అంతే సార్. ఒక్కో పోర్టు 15 వాట్ల దాకా ఇస్తుంది నిజమే, కానీ అన్నీ ఒకేసారి అడిగితే ఎక్కడినుంచి తెస్తుంది, ఇంట్లో ప్రతి గదిలో ప్లగ్ ఉంది కదా అని అన్నిట్లో గీజర్లు పెడితే మెయిన్ పడిపోదా, అట్లాగే. పగలు ఒక్కో కెమెరా 5 వాట్లు తీసుకుంటుంది, 40తో సరిపోతుంది. చీకటి పడగానే, చీకట్లో చూడటానికి కెమెరాలో ఉండే ఐఆర్ లైట్లు వెలుగుతాయి, అప్పుడు ఒక్కోదానికి 9, 10 వాట్లు కావాలి, ఎనిమిదింటికీ లెక్కేస్తే 70 దాటిపోతుంది. ఏ పోర్టు ముఖ్యమో ఎవరూ సెట్ చేయలేదు కాబట్టి స్విచ్ చివరి పోర్టుని కట్ చేస్తుంది. ఆ ఎనిమిదో పోర్టులో ఉన్నది బస్టాప్ వైపు కెమెరా.

సాయంత్రం ఏడు దాటాక ఆ పోల్ కింద నిలబడి పైకి చూడండి సార్. లెన్స్ చుట్టూ ఎర్రగా చుక్కలు వెలుగుతాయి, కాసేపటికి ఆరిపోతాయి. రెండు నిమిషాలాగితే లోపల పగటికీ రాత్రికీ మారే ఫిల్టర్ టక్కుమని పడుతుంది, రోడ్డు ఖాళీగా ఉంటే కింద నిలబడ్డవాళ్ళకి కూడా వినిపిస్తుంది, మళ్ళీ ఎర్రగా వెలుగుతాయి, మళ్ళీ ఆరిపోతాయి. తెల్లారేదాకా అదే పని, ఆన్ అవడం చావడం. పొద్దున ఎండ వచ్చాక మాత్రం నిక్షేపంగా పనిచేస్తుంది.

నేను అర్జీ ఇచ్చిన ప్రతిసారీ మీ ఇంజనీర్ గారు పగలు పదకొండింటికి వచ్చారు. నాలుగుసార్లూ పదకొండు, పదకొండున్నర. ఫోన్‌లో చూశారు, ఎనిమిదీ పనిచేస్తున్నాయి అన్నారు, ఫోటో తీసుకున్నారు, వెళ్ళిపోయారు. సార్ ఇది రాత్రి వచ్చే జబ్బు, రాత్రి చూడండి అని నాలుగుసార్లూ చేతులు పట్టుకుని చెప్పా. ఆయన డ్యూటీ ఐదింటిదాకే అన్నారు. ఆయన్ని తప్పుపట్టను, కానీ కెమెరాలు పెట్టుకున్నదే రాత్రిళ్ళ కోసం కదా సార్?

ఈ జనవరిలో మా ఇడ్లీ బండి అక్కని బైకు గుద్దేసి పోయింది. రాత్రి ఎనిమిదీ నలభై, బండి తోసుకుంటూ ఇంటికి వెళ్తోంది. కాలు రెండు చోట్ల విరిగింది, రాడ్ వేశారు, ఇప్పటికీ స్టూల్ మీద కూర్చునే పిండి కలుపుతుంది. బస్టాప్ కెమెరాలో ఆ టైముకి ఏమీ లేదు, నల్లగా ఉంది. పక్క కెమెరాలో బైకు కనిపించింది, ఇద్దరు కూర్చున్నట్టు కనిపించింది, నంబర్ ప్లేట్ ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ. అది దొరకడానికి కూడా కానిస్టేబుల్ గారికి సగం రోజు పట్టింది, ఎందుకంటే రికార్డర్ గడియారం 37 నిమిషాలు వెనక ఉంది, టైముని నెట్ నుంచి దానంతటదే సరిచేసుకునే ఎన్‌టీపీ సెట్టింగ్ ఎవరూ పెట్టలేదు. అది అయిదు నిమిషాల పని సార్.

ఆ మచ్చ సంగతి కూడా చెప్పాలి. మొన్న మీటింగ్‌లో మీరు ఈసారి 8 మెగాపిక్సెల్ కెమెరాలు పెట్టిస్తాం అన్నారట. మెగాపిక్సెల్ కాదు సార్, లెన్స్ చూడండి. మా పోల్ మీద అన్నీ 2.8 ఎంఎం లెన్సులే, రోడ్డంతా వెడల్పుగా కనబడుతుంది, టీవీలో చూస్తే ముచ్చటగా ఉంటుంది. కానీ 20 మీటర్ల దూరంలో అది దాదాపు 45 మీటర్ల వెడల్పుని ఒక్క ఫ్రేములో ఇరికిస్తుంది. ఇప్పుడున్నవి 4 మెగాపిక్సెల్, అంటే బొమ్మలో అడ్డంగా 2,560 చుక్కలు (పిక్సెళ్ళు), బైకు వెనక ప్లేట్ వెడల్పు 20 సెంటీమీటర్లు, లెక్కేస్తే ప్లేట్‌కి వచ్చేవి పదకొండు చుక్కలు. పదకొండు చుక్కల్లో నంబర్ ఎట్లా చదవాలి? 8 మెగాపిక్సెల్ పెట్టినా పదిహేడే అవుతాయి. అదే చోట 12 ఎంఎం లెన్స్ పెట్టి రోడ్డు గొంతు మీదకి తిప్పితే పాత 4 మెగాపిక్సెల్‌తోనే యాభై దాకా వస్తాయి, రాత్రికి షట్టర్ కాస్త స్పీడ్ పెడితే మసక కూడా తగ్గుతుంది. చుట్టూ చూడటానికి ఒకటి, ప్లేట్ చదవడానికి ఒకటి, రెండూ వేరువేరు కెమెరాలు. ఈ మాట టెండర్ రాసేవాళ్ళకి ఎవరూ చెప్పరా?

ఫుటేజ్ కాపీ కావాలంటే లెటర్ పెట్టమన్నారు, పెట్టాం. సంతకాలయ్యి పర్మిషన్ వచ్చేసరికి వారం అయింది, అప్పటికే దానిమీద కొత్త రికార్డింగ్ పడిపోయింది. రికార్డర్‌కి కలిపిన మొత్తం 16 కెమెరాలకి 4 టీబీ హార్డ్ డిస్క్ పెట్టారు. కెమెరాకి 4 ఎంబీపీఎస్ (సెకనుకి 4 మెగాబిట్ల డేటా) చొప్పున రోజుకి 690 జీబీ దాకా పోతుంది, ఆరు రోజులు కూడా నిండవు. 2013లో తెచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం జనం ఎక్కువగా వచ్చే షాపులవాళ్ళు, ఫంక్షన్ హాళ్ళవాళ్ళు 30 రోజులు దాచాలి. మా వీధి చివర బట్టల షాపాయన దాస్తున్నాడు. మనం పెట్టిన పబ్లిక్ కెమెరాల్లో ఆరు రోజులు ఉండవు. వీడియోని ఇంకా చిన్నదిగా కుదించే హెచ్.265 ఆన్ చేస్తే దాదాపు సగం తగ్గుతుంది, అది కూడా సెట్టింగే, రూపాయి ఖర్చు లేదు.

ఆ మచ్చయినా ఇవాళ లేదు సార్. అక్క అడిగితే ఏం చెప్పాలో తెలీక ఆ పక్కకి పోవడం మానేశా.

ఇంకొకటి, ఆ కెమెరాల పాస్‌వర్డ్ కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఏముందో ఇప్పటికీ అదే, డబ్బాలో స్టిక్కర్ మీద రాసి ఉంది. వార్డ్ ఆఫీసు కంప్యూటర్లు, కెమెరాలు అన్నీ ఒకే లైన్లో, వాటిని విడగొట్టే వీలాన్ అన్న మాటే లేదు. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా ఇట్లాంటి పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లాంటివాటినే పట్టుకుని పెద్దపెద్ద వెబ్‌సైట్లని పడగొట్టింది. ఆడపిల్లల హాస్టల్ గేటు కనబడే కెమెరా కూడా అందులో ఉంది సార్, నాకు నిద్రపట్టదు.

ఇప్పుడు రెండో విడతలో ఇంకా కెమెరాలు వస్తాయంటున్నారు. దయచేసి ఆగండి. ముందు ఉన్నవి రాత్రి పనిచేసేలా చూడండి. 65 వాట్ల స్విచ్ తీసి కనీసం 120 వాట్లది పెట్టించండి, అంతదాకా కనీసం బస్టాప్ కెమెరా వైరు ఒకటో పోర్టులోకి మార్చి ప్రయారిటీ పెట్టించండి, పది నిమిషాలు పట్టదు. లెన్సులు చూడండి, హార్డ్ డిస్క్ చూడండి, పాస్‌వర్డ్ మార్చండి. డబ్బుల్లేవంటే మా కాలనీ మళ్ళీ చందా వేసుకుంటుంది, పని నేను ఊరికే చేస్తా, రాసిస్తా కావాలంటే. నాకు కాంట్రాక్ట్ వద్దు, పేరు వద్దు. ఐదో అర్జీ కూడా పగలు పదకొండింటికి చూసి మూసేయొద్దు, అంతే.

రాత్రి రండి సార్. ఏ రోజైనా సరే, ఏడున్నర నుంచి పది దాకా నేను ఆ పోల్ దగ్గరే ఉంటా. డబ్బా తాళం మీవాళ్ళ దగ్గరుంది, అది మాత్రం తీసుకురండి.

ఇట్లు,
చౌరస్తా పక్క కాలనీ నివాసి