జలపాతం గురించి రాయండి, మ్యాప్ మాత్రం వేయకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఈ మధ్య మీ ఆదివారం పర్యాటక పేజీలో, అడవి లోపల ఎవరికీ పెద్దగా తెలియని ఒక జలపాతం గురించి వ్యాసం వచ్చింది. ఫొటో చాలా బాగుంది, రాసినవారు ప్రేమగా రాశారు. బండి ఎక్కడ ఆపాలో, ఏ మలుపు దగ్గర కాలిబాట పట్టాలో, ఎంతసేపు నడవాలో అన్నీ ఇచ్చారు. చివర్లో ఫోన్‌తో స్కాన్ చేస్తే నేరుగా మ్యాప్ తెరుచుకునే గుర్తు కూడా వేశారు. ఆ ఒక్కటీ వేయకుండా ఉండాల్సింది. దాని గురించే ఈ ఉత్తరం.

నేను ఇరవై ఏళ్లుగా అడవుల్లో నడుస్తున్నాను. అలాంటి చోటుకు వెళ్లడంలో ఉండే సంతోషం నాకు బాగా తెలుసు. ముందు నీళ్లు కనిపించవు, హోరు మాత్రం వినిపిస్తుంది. ఇంకాస్త నడిస్తే గాలి చల్లబడుతుంది, ఆకులు తడితడిగా తగులుతాయి. ఆ తర్వాత చెట్ల సందులోంచి తెల్లగా ఒక గీత. ఆ క్షణం కోసం ఎంత దూరమైనా నడవచ్చు. అది అందరూ చూడాలనే నా కోరిక కూడా.

కానీ లొకేషన్ బయటికి వచ్చాక ఇలాంటి ఒక జలపాతం ఏమైందో నా కళ్లతో చూశాను. మొదట్లో అక్కడికి అడుగు వెడల్పు బాట ఉండేది, ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. జనం పెరిగాక బురద ఉన్నచోట పక్కకు దిగి నడిచారు. అక్కడ గడ్డి చచ్చి రెండో బాట పడింది, తర్వాత మూడోది. తొక్కీ తొక్కీ నేల గట్టిపడితే వాన నీరు ఇంకదు, బాట వెంటే పారుతుంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి బాట కాస్తా చిన్న కాలువ అయింది, చెట్ల వేళ్లు బయటపడ్డాయి. ఆ మట్టంతా ఎక్కడికి పోతుంది? కింద మడుగులోకే.

మడుగు పక్కన రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి ఫొటోలు దిగే అలవాటు ఇప్పుడు ఎక్కువైంది. ఒకసారి అలా పేర్చిన రాయి తీసి తిరగేసి చూశాను. అడుగున బియ్యపు గింజంత గొట్టాలు నాలుగైదు అంటుకుని ఉన్నాయి. ఒక రకం పురుగు పిల్లలు ఇసుక రేణువుల్ని అతికించుకుని కట్టుకున్న ఇళ్లు అవి. నీళ్లలో ఉండాల్సినవి ఎండలో ఎండిపోయి ఉన్నాయి. వాటిని తినే చేపలు, కప్పలు ఆ వాగులోనే ఉంటాయి. కప్ప చర్మం నీటిని పీల్చుకుంటుంది కాబట్టి మనం మడుగులో కలిపే షాంపూ, సబ్బు దాని ఒంట్లోకి పోతాయి. పేర్చిన రాళ్లను మళ్లీ వాగులో పెట్టేసరికి నాకు గంట పట్టింది. మరుసటి వారం వెళ్తే మళ్లీ పేర్చి ఉన్నాయి.

ఇది మన దగ్గర ఒక్కచోటే జరుగుతున్నది కాదు. ఐస్‌లాండ్‌లో ఒక లోయ, ఓ ప్రసిద్ధ గాయకుడి వీడియోలో కనిపించాక జనంతో నిండిపోయింది. నెమ్మదిగా పెరిగే అక్కడి నాచు కాళ్ల కింద నలిగిపోవడంతో 2019లో కొన్ని నెలలు మూసేయాల్సి వచ్చింది. అమెరికాలోని జాక్సన్ హోల్‌లో 2018లో పర్యాటక మండలే ముందుకొచ్చి, ఫొటోలకు కచ్చితమైన లొకేషన్ పెట్టవద్దని సందర్శకులను కోరింది. జనాన్ని రప్పించడమే పనిగా ఉన్న సంస్థ ఆ మాట అందంటే ఆలోచించాలి కదా.

ఇక ప్రాణాల సంగతి. ఇది రాస్తుంటేనే నాకు టెన్షన్‌గా ఉంది. జలపాతం కింద నీళ్లు నురగగా ఉన్నచోట గాలి బుడగలే ఎక్కువ, అవి మనిషిని తేల్చలేవు. ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ మునిగిపోతారు. పడే నీరు అడుగుకు తాకి తిరుగుతూ మనిషిని మళ్లీ ధార కిందికే లాగుతుంది. చల్లటి నీళ్లలోకి ఒక్కసారిగా దూకితే ఊపిరి అదుపు తప్పుతుంది, తల నీటిలో ఉండగా ఆ మొదటి ఊపిరి పీలిస్తే నీళ్లు లోపలికి పోతాయి. పాచి పట్టిన బండ పొడిగా కనిపించినా జారుతుంది. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, స్ట్రెచర్ మోసుకురావడానికి గంటలు పడుతుంది.

ఒక రోజు మేము దిగబోతుంటే పశువులు మేపుకునే పెద్దాయన ఆపాడు. "ఎగువన మబ్బు కమ్మింది, ఇవాళ దిగకండి" అన్నాడు. మా నెత్తి మీద ఎండే ఉంది. అయినా ఆయన మాట విని గట్టు మీదే కూర్చున్నాం. అరగంట కాకముందే నీళ్ల రంగు ఎర్రబడింది, పుల్లలూ ఆకులూ కొట్టుకొచ్చాయి, హోరు మారిపోయింది. మేము నిలబడి ఫొటో తీసుకుందామనుకున్న బండ కనిపించలేదు. దారి చెప్పే మనిషి ఇలా నీళ్ల సంగతి కూడా చెబుతాడు. మీ పేజీలో వేసినలాంటి మ్యాప్ అయితే మమ్మల్ని తిన్నగా ఆ బండ మీదకే తీసుకెళ్లేది.

కొందరు తెలిసినవాళ్లకే ఆ అందం దక్కాలా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే అన్ని చోట్ల గురించీ ఈ మాట అనను. క్రొయేషియాలోని ప్లిట్విట్సే సరస్సుల దగ్గర జలపాతాల గట్లు నాచు మీద సున్నం పేరుకుని ఏర్పడ్డవి. అక్కడ గుర్తించిన బాటలు, చెక్క వంతెనల మీదే నడవాలి, ఈత నిషేధం, చూసుకునే సిబ్బంది ఉన్నారు. అలాంటి చోటుకు మ్యాప్ నిరభ్యంతరంగా వేయండి. మెట్లు, కంచె, కాపలా, హెచ్చరిక బోర్డు ఏమీ లేని చోటుకు మాత్రం వద్దు. దగ్గర్లోని అటవీ కార్యాలయంలో అడిగి, అనుమతి తీసుకుని వెళ్లమని రాయండి. అడిగేంత ఓపిక ఉన్నవాళ్లు చెప్పింది కూడా వింటారని నా నమ్మకం.

మ్యాప్ తీసేస్తే ఖాళీ అయ్యే చోట వేయడానికి చాలా ఉంది. ఎగువన మబ్బు ఉంటే వాగులోకి దిగవద్దని, నీరు బురదగా మారితే సామాన్లు వదిలేసి వెంటనే గట్టెక్కాలని వేయండి. కాలకృత్యాలకు నీటికి కనీసం అరవై మీటర్ల దూరం వెళ్లాలని, జానెడు లోతు గుంట తీసి కప్పాలని కూడా. స్పీకర్ తీసుకెళ్లవద్దని పెద్ద అక్షరాల్లో వేస్తే మరీ సంతోషిస్తాను.

అచ్చయిన పేపర్‌ను వెనక్కి తీసుకోలేం. ఆన్‌లైన్‌లో ఆ వ్యాసం ఇంకా ఉంది, వానలు ఇంకా మొదలవలేదు. ఈ వారంలోనే ఆ మ్యాప్ గుర్తు అక్కడి నుంచి తీసేయమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు