ఆహార భద్రతా అధికారి గారికి బహిరంగ లేఖ: బాణలిలో నూనె సంగతి

గౌరవనీయులైన విశాఖపట్నం ఆహార భద్రతా అధికారి గారికి,

నమస్కారం. వినతిపత్రాలకు జవాబు రాకపోవడంతో నలుగురి ముందు రాస్తున్నాను.

సాయంత్రమైతే ఆర్కే బీచ్‌లో బజ్జీ బళ్ల దగ్గర, జగదాంబ చుట్టుపక్కల హోటళ్లలో నిలబడడానికి చోటుండదు. జనం ఎక్కువున్న చోటే రుచి అని మన నమ్మకం. బిర్యానీ ఎక్కడ బాగుంటుందని గంటసేపు వాదించుకుంటాం గానీ, నూనె నల్లగా ఎందుకుందని అడగం. అడిగినా ‘మీ ఒక్కరికేనండీ ఇబ్బంది’ అంటారు.

వంటనూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె ఎంత చెడిందో తెలిపే పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. పదేపదే మరిగిస్తే అవి పెరుగుతాయి. రంగు చూసి తేల్చలేం, వాటిని కొలిచే మీటరు కావాలి. ఇటీవల ఒక హోటల్లో వేపుళ్లు తిన్నాక మా ఇంటి పెద్దాయన రాత్రంతా వాంతులతో ఆసుపత్రిలో గడిపారు. నూనె వల్లేనని నిరూపించలేను. నిరూపించే దారి లేకపోవడమే నా ఫిర్యాదు. రోజూ నూనె మార్చే చిన్న వ్యాపారికీ ఇది అన్యాయమే, ఆ ఖర్చు అతనొక్కడే మోస్తున్నాడు.

దయచేసి సాయంత్రం రద్దీ వేళల్లో నూనె పరీక్షలు చేయించండి. ఫలితాన్ని క్యాష్ కౌంటర్ దగ్గర తెలుగులో పెట్టించండి. పెద్ద హోటళ్లతో మొదలుపెట్టండి, బళ్లవాళ్లతో కాదు. ఈ పరీక్షలు ఎప్పుడు మొదలవుతాయో ఈ నెలాఖరులోగా లిఖితపూర్వకంగా తెలియజేయండి.

భవదీయుడు,
ఒక విశాఖ వాసి