యాడ్ ఖాతా ఇక మీ పేరు మీదే

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో మా చేత ఆన్‌లైన్ యాడ్స్ పెట్టించుకుంటున్న అన్నలకు, అక్కలకు నమస్తే.

ఇన్నాళ్లూ మీ అందరి యాడ్స్ మా ఒక్క ఖాతాలోంచే నడిపాం. మాకు సులువని అట్లా చేశాం, అది మంచి పద్ధతి కాదు. ఒక దుకాణం యాడ్స్ నిబంధనలకు సరిపోక మళ్లీ మళ్లీ తిరస్కరణ పడితే, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీ మొత్తం ఖాతానే ఆపేయవచ్చు. కీళ్లనొప్పుల నూనెకు పడ్డ శిక్ష పట్టుచీరల దుకాణం కూడా అనుభవించాలి. పైగా బిల్లు మా పేరు మీద వస్తుంది. రేపు మీరు మమ్మల్ని మానేస్తే, ఏ ఫొటోకు గిరాకీ వచ్చింది, ఏది దండగ అయింది అన్న లెక్కంతా మా దగ్గరే ఉండిపోతుంది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఎవరి ఖాతా వాళ్లదే.

మెటా బిజినెస్ సూట్‌లో మీ పేరున బిజినెస్ పోర్ట్‌ఫోలియో (మీ పేజీ, యాడ్ ఖాతా ఒకచోట ఉండే ఖాతా) తెరిచి, దాని కింద యాడ్ ఖాతా తీసుకోవాలి. కరెన్సీ రూపాయి, టైమ్ జోన్ కోల్‌కతా అని ఉందో లేదో చూసుకునే ముందుకు పోండి, తర్వాత మార్చాలంటే కొత్త ఖాతాతో మళ్లీ మొదలుపెట్టాల్సిందే. సెట్టింగ్స్‌లో పార్ట్‌నర్స్ దగ్గర మా బిజినెస్ ఐడీ వేసి, యాడ్స్ నడిపే అనుమతి మటుకే ఇవ్వండి. పాస్‌వర్డ్, ఓటీపీ ఇవ్వొద్దు, మేమే అడిగినా సరే. దుకాణం ఫేస్‌బుక్ పేజీ మీద పూర్తి హక్కు ఇంట్లో ఇద్దరికి ఉండాలి. చాలా దుకాణాల పేజీలు మేనల్లుడి ఫోన్‌లోనో, పనిచేసి మానేసిన కుర్రాడి ఫోన్‌లోనో ఉన్నాయి. ముందు అది వెనక్కి తెచ్చుకోండి.

ఇక డబ్బు సంగతి. రోజుకు 300 చొప్పున 30 రోజులకు 9,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,620. చేతి నుంచి పోయేది 10,620. బిల్లింగ్‌లో మీ జీఎస్టీ నంబరు ఎక్కిస్తే ఆ 1,620 ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు, జీఎస్టీ కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు మాత్రం రాదు. మా ఫీజు ఇదివరకు మీ ఖర్చులో పర్సెంటేజీ. మీరు ఎంత ఎక్కువ పెడితే మాకంత లాభమైనప్పుడు, తగ్గించుకోండని మా నోట రావడం కష్టమే కదా! ఇకపై నెలకు ఇంత అని ఒకటే మొత్తం.

డబ్బు ఎక్కువగా కారిపోయేది యాడ్ ఎంత దూరం దాకా చూపించాలన్న దగ్గర. మెటా మ్యాప్‌లో నల్లగొండ మీద పిన్ను పెట్టి 80 కిలోమీటర్ల చుట్టుకొలత... కాదు, వ్యాసార్థం ఇస్తే అటు హయత్‌నగర్ దాకా పోతుంది. అక్కడి జనం ఎక్కువ, చూపులన్నీ అక్కడే అయిపోతాయి, కానీ స్వీట్ల కోసం ఎవరూ హైవే ఎక్కి ఇక్కడికి రారు. 40 ఇస్తే సూర్యాపేట, మిర్యాలగూడ అంచున తగులుతాయి. బంగారానికి, పెళ్లి బట్టలకు అది సరే. మిఠాయి, మొబైల్ రిపేర్, టిఫిన్ సెంటర్‌కు 5 నుంచి 8 చాలు. ఊరి పేరు ఎంచుకుంటే 17 కంటే తగ్గనివ్వదు కాబట్టి దుకాణం మీదే పిన్ను గుచ్చాలి.

చిన్న బడ్జెట్‌ను ముక్కలు చేయొద్దు. ఒక యాడ్ సెట్‌కు (ఒకే ఏరియా, ఒకే బడ్జెట్ కింద నడిచే యాడ్స్ గుంపు) వారంలో 50 దాకా ఫలితాలు, అంటే మెసేజ్‌ల్లాంటివి, వస్తేనే యాడ్ ఎవరికి చూపాలో మెటా సిస్టమ్‌కు కుదురుకుంటుంది. 300ను మూడు సెట్లకు పంచితే ఏదీ కుదురుకోదు. మధ్యలో ఫొటో, ఏరియా మారిస్తే లెక్క మళ్లీ మొదటికే. "నిన్న పెట్టాం, ఇవాళ మార్చు" అని ఫోన్ చేస్తే ఇక మేం మార్చం, వారం ఆగమంటాం.

గూగుల్‌లో వేరే చిక్కు. లొకేషన్ సెట్టింగ్ మామూలుగా ఆ ఊళ్లో ఉన్నవాళ్లకే కాక, ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకూ యాడ్ చూపిస్తుంది. దుబాయ్‌లో కూర్చుని పాలమూరు గురించి వెతికినవాళ్ల క్లిక్‌కూ మీరే కట్టాలి. దాన్ని "ఉన్నవాళ్లకే" అని మారుస్తాం. ఉద్యోగాలు, ఫ్రీ, సెకండ్ హ్యాండ్ లాంటి మాటలను నెగెటివ్ కీవర్డ్స్‌లో వేస్తాం, ఆ మాటలతో వెతికినవాళ్లకు యాడ్ కనిపించదు. మహబూబ్‌నగర్ దుకాణాలకైతే ఇంగ్లిష్‌లో ఊరి పేరును జనం నాలుగు రకాలుగా రాస్తారు, పాలమూరుతో కలిపి అన్నీ పెట్టాలి.

క్లిక్ ధర ఎవరు పెడతారని అడుగుతుంటారు. అది వేలం. 2000లో డాట్‌కామ్ బుడగ పేలాక ఆన్‌లైన్ యాడ్స్ పనైపోయిందన్నారు. 2002లో గూగుల్ క్లిక్‌కు ఇంత అనే వేలం తెచ్చి, ఎక్కువ పాడినవాళ్లకే కాక జనం ఎక్కువగా నొక్కే యాడ్‌కూ పైచోటు ఇచ్చింది. చిన్న దుకాణం పెద్ద షోరూమ్ పక్కన నిలబడగలిగేది అందువల్లే. ఫొటో బాగా లేకపోతే మాత్రం అదే క్లిక్‌కు మీరు ఎక్కువ కడతారు.

కొందరి బోర్డుల మీద, విజిటింగ్ కార్డుల మీద గూగుల్ ఉచితంగా ఇచ్చిన బిజినెస్ డాట్ సైట్ అడ్రస్ ఇంకా ఉంది. ఆ సైట్లు 2024 మార్చిలోనే మూతపడ్డాయి. కొత్త కార్డులు కొట్టించేటప్పుడు తీసేయించండి.

ఒక్కటి మా చేతిలో లేదు. వాట్సాప్ యాడ్ నొక్కి "రేటెంత" అని అడిగినవాళ్లకు మీ వైపు నుంచి జవాబు రావాలి. వాట్సాప్ బిజినెస్‌లో గ్రీటింగ్ మెసేజ్ పెట్టుకుంటే మొదటి పలకరింపు అదే పోతుంది. రేట్లను క్విక్ రిప్లైలలో రాసి పెట్టుకోండి. రాత్రి 10 తర్వాత దుకాణంలో జవాబిచ్చే మనిషి లేకపోతే చెప్పండి, ఆ వేళల్లో యాడ్ ఆపిస్తాం. గంటల వారీగా ఆపాలంటే బడ్జెట్‌ను రోజువారీగా కాక మొత్తంగా పెట్టాలి, అది మేం చూసుకుంటాం.

ఖాతా తెరవడానికి మేం వచ్చినప్పుడు మీ ఫోన్, జీఎస్టీ సర్టిఫికెట్, పేజీ మొదట తెరిచినవాళ్ల ఫోన్ మూడూ దగ్గరుండాలి. మూడోది లేకే పని వాయిదా పడుతుంది, మేనల్లుడికి ఇప్పుడే చెప్పి పెట్టండి.