టీ-72 తీసుకున్నవారికి: ప్లైవుడ్ తొట్టి బరువు తట్టుకోవడం లేదు, ఛాసిస్ వేస్తున్నాం

మొదటి విడతలో మా 1/6 స్కేలు టీ-72 (రిమోటుతో నడిచే యుద్ధట్యాంకు నమూనా) తీసుకున్న ఏడుగురికీ, రెండో విడతకి అడ్వాన్సు కట్టినవారికీ ఉన్నదున్నట్టు చెబుతున్నాం. తప్పు మాదే. 12 మి.మీ. ప్లైవుడ్ తొట్టి (బండి కింది ఒళ్లు) ఒక్కటే బరువునీ, లాగుడునీ తట్టుకుంటుందనుకున్నాం. తట్టుకోవడం లేదు. ఏడింటిలో మూడు బండ్లకి వెనక మూలలు విచ్చుకున్నాయి. మిగతా నాలుగూ ఇవాళ కాకపోతే రేపు అదే దారి. ఏడింటికీ లోపల ఇనుప ఛాసిస్, అంటే చట్రం, బిగించి ఇస్తాం, డబ్బులు తీసుకోం. దాంతో రెండో విడత ఆరు వారాలు వెనక్కి పోతుంది. ఆగలేమన్నవారికి అడ్వాన్సు మొత్తం తిరిగిచ్చేస్తాం.

చెన్నై దగ్గరి ఆవడిలో అజేయ పేరుతో తయారైన అసలు టీ-72కి విడిగా ఛాసిస్ ఉండదు, వెల్డ్ చేసిన ఉక్కు తొట్టే ఛాసిస్. అది చూసి మేమూ అలాగే కట్టాం. ఆకారం వచ్చింది గానీ ఉక్కు చేసే పని ప్లై చేయదు కదా.

నేరుగా నడిచినంతసేపూ ఈ బండికి పెద్ద కష్టం లేదు. ఉన్నచోటే తిప్పినప్పుడే గొడవంతా. ఒక ట్రాకు (చక్రాల చుట్టూ తిరిగే లింకుల పట్టా) ముందుకి, రెండోది వెనక్కి తిరుగుతూ, నేలకి ఆనిన 71 సెం.మీ. పొడవునీ అడ్డంగా ఈడ్చాలి. బండి 44 కిలోలు, ట్రాకుల నడిమి దూరం 46.5 సెం.మీ. గరుకు సిమెంటు నేల మీద ఒక్కో ట్రాకు దాదాపు 12 కిలోల బలంతో లాగితే గానీ బండి తిరగదు. ఆ లాగుడు వెనకున్న స్ప్రాకెట్ (ట్రాకుని లాగే పళ్ల చక్రం) షాఫ్టు మీద పడుతుంది, అక్కడినుంచి బేరింగుకి, బోల్టులకి, చివరికి ప్లైకి చేరుతుంది. ప్లై ముఖం మీద స్క్రూ బాగానే పట్టుకుంటుంది, అంచులో పట్టదు. పొరల మధ్యకి దిగి వాటినే విడదీస్తుంది. మేం మూలలు కలిపింది అంచు స్క్రూలతోనే.

బేరింగు కదిలిందంటే స్ప్రాకెట్ లోపలికి వాలుతుంది. ఒక డిగ్రీ వాలితే మీటరు దూరంలో 17 మి.మీ. తేడా వస్తుంది. ట్రాకుని దారిలో ఉంచే లింకుల గైడు పళ్లు చక్రం మీదికెక్కి ట్రాకు ఊడిపోతుంది. ట్రాకు వదులైందనుకుని బిగించినవాళ్లున్నారు. అది ఇంకా చేటు. బిగించేకొద్దీ ముందున్న ఐడ్లర్ (ట్రాకుని బిగువుగా ఉంచే చక్రం), వెనకున్న స్ప్రాకెట్ ఎదురెదురుగా గుంజుకుని గోడలు మరింత వంగుతాయి. కృష్ణ ఇసుకలో తిప్పితే ఇసుక స్ప్రాకెట్ పళ్ల మధ్య గట్టిపడి, చక్రం లావెక్కినట్టయి బిగువు దానంతటదే పెరుగుతుంది. ప్రొక్లెయినర్ నడిపేవాళ్లు ఇదే మాట చెబుతారు. ఇసుకలోకి దించేముందు కాస్త వదులు చేయండి, బయటికి రాగానే పళ్ల సందులు గీకేయండి.

కొత్త ఛాసిస్ 25×25×2 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు) స్క్వేర్ ట్యూబు. 100 సెం.మీ. పొడుగు ముక్కలు రెండు, 28 సెం.మీ. అడ్డముక్కలు నాలుగు. మీటరుకి 1.44 కిలోల లెక్కన నాలుగున్నర కిలోలవుతుంది, బండి 48.5కి చేరుతుంది. అడ్డముక్కల్లో ఒకటి ఐడ్లర్ల మధ్య, ఒకటి వెనక బేరింగుల మధ్య కచ్చితంగా ఉండాలి. మిగతా రెండూ బ్యాటరీకి అటూ ఇటూ. బేరింగు ఇకమీదట ప్లైకి కాదు, ట్యూబుకి వెల్డ్ చేసిన 6 మి.మీ. ప్లేటుకి బిగుస్తుంది. బోల్టు వెళ్లే ప్రతిచోటా ట్యూబు లోపల స్లీవు పెట్టి వెల్డ్ చేయాలి. లేకపోతే నట్టు బిగించగానే ట్యూబు గోడలు నొక్కుకుపోతాయి, నాలుగు రోజులకి బోల్టు వదులవుతుంది.

కొందరు సొంతంగా చేయించుకుంటామన్నారు, సంతోషం. ముందు అన్ని మూలలకీ టాక్‌లు మాత్రమే, అంటే చిన్న చుక్క వెల్డులు, వేయించి, రెండు కర్ణాలూ టేపుతో కొలవండి. తేడా 2 మి.మీ. దాటితే సుత్తితో సర్ది మళ్లీ కొలవండి. తర్వాత ఎదురెదురు మూలలు మార్చి మార్చి వెల్డింగ్ చేయించండి. ఒక మూల ఏకబిగిన పూర్తిచేస్తే వేడికి ఫ్రేము అటువైపు గుంజుకుంటుంది. ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే వెల్డర్లకి ఈ మాట చెప్పక్కర్లేదు. గ్రిల్సు చేసేవారైతే పక్కన నిలబడండి.

షాఫ్టు కూడా మారుతోంది. 12 మి.మీ. బదులు 17 మి.మీ. ఈఎన్8 రకం ఉక్కు. వంగకుండా నిలిచే గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది గనుక ఆ అయిదు మిల్లీమీటర్లకే నాలుగింతలవుతుంది. దానికి సరిపడే బేరింగు యూసీఎఫ్ఎల్ 203 రకం. పాతదాంట్లో స్ప్రాకెట్‌ని గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న మర) పట్టుకునేది, రెండుసార్లు గట్టిగా తిప్పితే జారేది. ఇప్పుడు 5 మి.మీ. కీ (షాఫ్టుకీ చక్రానికీ మధ్య గాడిలో కూర్చునే ముక్క) వేస్తున్నాం. స్ప్రాకెట్ బోరు డ్రిల్లుతో పెంచకండి, సెంటరు పోతుంది. లేత్ మీద చక్‌కి పట్టించి బోరింగే చేయించాలి.

ట్రాకుల పొడవు పెరగడం మాత్రం లోపం కాదు, అరుగుదల. ఒక్కో వైపు 96 లింకులు. పిన్ను దగ్గర 0.2 మి.మీ. చొప్పున అరిగినా మొత్తం 19 మి.మీ. సాగుతుంది. ట్రాకు పైనా కిందా రెండు వరసలు కాబట్టి ఐడ్లర్‌ని 10 మి.మీ. ముందుకి జరిపితే చాలు. లింకు పొడవు 23 మి.మీ. సాగుదల అది దాటితే ఒక లింకు తీసేసి ఐడ్లర్‌ని వెనక్కి తెచ్చుకోండి.

ఎండ సంగతి. ఫెండర్ల కింద బ్రాకెట్లు పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో 3డీ ప్రింట్ చేశాం, అదీ మా తెలివితక్కువే. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో విజయవాడ డాబా మీద ముదురాకుపచ్చ బండి పెడితే ఆ వేడి రావడం ఎంతసేపు? వాటి బదులు ఇంకాస్త వేడికి తట్టుకునే ఏబీఎస్‌వి ఇస్తున్నాం. ఫైబర్ టరెట్ (బండి పైన తిరిగే తుపాకి గది) సొంతంగా పోసుకునేవారు ఎండాకాలంలో రెసిన్‌ని గట్టిపరిచే హార్డెనర్ 2 శాతం కాదు, 1 శాతమే కలపండి. లేకపోతే గ్లాస్ మ్యాట్ తడిసేలోపే మగ్గులో గడ్డకడుతుంది. గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్‌నీ హార్డెనర్‌నీ నేరుగా కలపొద్దు, అంటుకుంటాయి. ముందు రెసిన్‌లో కోబాల్ట్ బాగా కలిశాకే రెండోది పోయాలి.

టరెట్ కొండపల్లి బొమ్మల తెల్లపొణికితో చేయొచ్చా అని ఒకరు అడిగారు. చెక్కడానికి భేషైన కర్ర, తేలిక కూడా. కానీ మెత్తన, స్క్రూ ఆగదు. టరెట్ మీది పెట్టెలకీ లైట్లకీ వాడుకోండి, తిరిగే రింగుకి వద్దు.

ఛాసిస్ వేసేదాకా ఉన్నచోటే తిప్పకండి, వెడల్పుగా మళ్లించండి. ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే బండి దానంతటదే ఆగే ఏర్పాటు) ఇవాళే చూసుకోండి: బండిని ట్రాకులు నేలకి తగలకుండా దిమ్మల మీదికెత్తి, మెల్లగా నడుపుతూ రిమోటు ఆపేయండి. ట్రాకులు వెంటనే ఆగాలి. ఆగకపోతే రిసీవర్‌కి న్యూట్రల్ మళ్లీ సెట్ చేసేవరకు పిల్లలున్నచోట తీయొద్దు.

రెండో విడత ధర ముందు చెప్పిందే. ఇనుముకీ లేత్ పనికీ పెరిగిన ఖర్చు మూడో విడత నుంచి కలుపుతాం. మూలలు విచ్చుకున్న మూడు బండ్లూ ముందు తీసుకుంటాం, ఒక్కోదానికి నాలుగు రోజులు. పార్సిల్ సర్వీసులో వేయకండి, ఆటోట్రాలీలో పరుపు ముక్క మీద పడుకోబెట్టి తెండి. బ్యాటరీ ఇంట్లోనే ఉంచండి. ట్రాకులు విప్పి తెస్తే ఎడమదానికి ఒక రిబ్బను ముడి వేయండి. అరిగిన పిన్నులు ఎటువి అటే పడాలి.