ఆకాశరామన్న ఉత్తరాలను ఏం చేయాలి?

సంపాదకుడికి,

‘ఫలానా విభాగంలో విద్యార్థినుల పట్ల ఒక అధ్యాపకుడి ప్రవర్తన బాగాలేదు, ఆ సంగతి అందరికీ తెలుసు.’ పేరు లేదు, తేదీ లేదు, ఏం జరిగిందో లేదు, సంతకం అసలే లేదు. ఇలాంటి ఆకాశరామన్న ఉత్తరం ప్రిన్సిపాల్ బల్ల మీదికి చేరితే సాధారణంగా చెత్తబుట్టకు పోతుంది. విషయం బయటికి పొక్కిందా, ఆగమేఘాల మీద ఎవరో ఒకరిని సెలవుపై పంపేస్తారు. అసలేం జరిగిందని అడిగే నాథుడు మాత్రం ఉండడు.

సంతకం లేదు కాబట్టి అబద్ధమేనన్న వాదన నాకు మింగుడుపడదు. ఇంటర్నల్ మార్కులు వేసేదీ, ప్రాజెక్టు మీద సంతకం పెట్టేదీ ఆ అధ్యాపకుడే అయినప్పుడు పేరు రాయడానికి ఎంత తెగింపు కావాలి! అలాగని వివరాల్లేని ఆరోపణకు ఎవరు మాత్రం ఏమని జవాబు చెప్పగలరు? ‘ఆ రోజు నేను ఊళ్లోనే లేను’ అనడానికైనా ఆ రోజేదో తెలియాలి కదా. పేరు లేకపోతే అనుమానం ఆ విభాగంలోని వారందరినీ తాకుతుంది.

లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఫిర్యాదు రాతపూర్వకంగా, ఘటన జరిగిన 3 నెలల్లో ఇవ్వాలి. తగిన కారణం ఉంటే, ఇలాంటి ఫిర్యాదులు విచారించే కళాశాల అంతర్గత కమిటీ మరో 3 నెలలు గడువు పెంచవచ్చు. యాజమాన్యాలకు ఇందులో ‘రాతపూర్వకంగా’ అన్న ముక్క ఒక్కటే కంఠతా వచ్చు. రాసివ్వలేనివారికి కమిటీయే సాయపడాలనీ, ఇరుపక్షాల పేర్లూ బయటపెట్టకూడదనీ, ఆధారాలు చూపలేకపోయినంత మాత్రాన ఫిర్యాదుదారుపై చర్య అక్కర్లేదనీ అదే చట్టం చెబుతోంది. ఈ సంగతులు విద్యార్థులకు ఎవరు చెప్పారు? కమిటీ సభ్యులెవరో కూడా చాలామందికి తెలియదు.

ఇలాంటి ఉత్తరం తీర్పు ఇవ్వడానికి చాలదు, ఆరా తీయడానికి చాలు. తేదీ వేసి కమిటీ దగ్గర భద్రపరచాలి. అధ్యాపకుడి సర్వీసు రికార్డులో చేర్చకూడదు. రాసిందెవరో పట్టుకుందామని చేతిరాతలు పోల్చే పని మానుకోవాలి. ఏ విభాగం పేరూ ఎత్తకుండా, ‘ఉత్తరం అందింది, ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగిందో చెప్పదలచినవారు కమిటీలోని బయటి సభ్యులను నేరుగా కలవవచ్చు’ అని అన్ని తరగతులకూ తెలియజేయాలి. అమెరికాలో కొన్ని కళాశాలలు 2015 నుంచి కలిస్టో అనే ఆన్‌లైన్ ఏర్పాటును వాడాయి. బాధితులు కోరుకుంటే వారి ఫిర్యాదు గుప్తంగా ఉండి, అదే వ్యక్తిపై మరొకరు ఫిర్యాదు చేసినప్పుడే ముందుకు కదిలేది. ఒంటరిగా బయటపడాలన్న భయం దీనితో కొంత తగ్గుతుంది. కంప్యూటర్ లేకుండా నమ్మకమైన బయటి సభ్యురాలు ఒకరున్నా ఈ పని సాధ్యమే.

అధ్యాపకుడెవరో ఊహకు అందినా, వివరాలు వచ్చేదాకా ఆయన తరగతులు తీసేయకూడదు. వివరాలు వచ్చాక మాత్రం ‘చాలా సీనియర్’ అని నాన్చకూడదు, విచారణకు చట్టం ఇచ్చిన గడువు 90 రోజులే. తనిఖీ బృందాలు కూడా కమిటీ కాగితం చూసి తృప్తిపడకుండా, వచ్చిన ఉత్తరాలను ఏం చేశారో పేర్లు లేకుండా చెప్పమని అడగాలి.

– ఒక విశ్రాంత అధ్యాపకురాలు